విస్తరణ విద్యా పరిశోధనా ఫలితాల సమీకరణలో బహుస్థాయి మెటా-విశ్లేషణ

సారాంశం

ఒకే అంశంపై వేర్వేరు ప్రాంతాలలో జరిగిన అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి, ఒక ఉమ్మడి నిర్ణయానికి రావడానికి మెటా-విశ్లేషణ ఉపకరిస్తుంది. అయితే ఒకే అధ్యయనం నుండి పలు ఫలితాలు వెలువడినప్పుడు, ఒకే ప్రాంతంలో పలు అధ్యయనాలు జరిగినప్పుడు ఆ ఫలితాలు పరస్పరం స్వతంత్రమైనవి కావు. ఈ సంగతిని విస్మరిస్తే ఉమ్మడి అంచనాకు లేని ఖచ్చితత్వం ఆపాదించబడుతుంది. విద్యాశాస్త్రం, మనోవిజ్ఞాన శాస్త్రాలలో ఈ సమస్యకు పరిష్కారంగా రూపొందిన బహుస్థాయి మెటా-విశ్లేషణను కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల విస్తరణ పరిశోధనకు అన్వయించి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సమస్య స్వరూపం

విస్తరణ విద్యా పరిశోధన కొలిచే అంశాలలో అధిక భాగం మనోవిజ్ఞాన శాస్త్రం నుండి వచ్చినవే. రైతు పరిజ్ఞాన పరీక్ష, వైఖరి మాపని, ఆచరణ సూచిక అనే మూడింటినీ బాపట్ల వ్యవసాయ కళాశాల వంటి సంస్థలలో స్నాతకోత్తర విద్యార్థులు తరతరాలుగా వాడుతున్నారు. 1945లో స్థాపితమైన ఆ కళాశాల పరిసరాలలోనే వరి మాగాణులలో మినుము, దుక్కి లేని మొక్కజొన్న సాగు, విత్తనశుద్ధి, సమగ్ర సస్యరక్షణ వంటి అంశాలు రైతు శిక్షణకు సహజమైన విషయాలుగా ఉన్నాయి.

అటువంటి ఒక శిక్షణ ఫలితంపై మూడు అధ్యయనాలు జరిగినట్లు భావిద్దాం. కింది సంఖ్యలు కేవలం వివరణ కోసం ఊహించినవి. తెనాలి అధ్యయనంలో శిక్షణ పొందిన 60 మంది రైతులను, పొందని 60 మంది రైతులతో పోల్చారు. పరిజ్ఞానంలో 0.60, వైఖరిలో 0.50, ఆచరణలో 0.40 ప్రామాణిక విచలనాల మేర మెరుగుదల కనిపించింది. బాపట్ల అధ్యయనం ఆచరణను మాత్రమే కొలిచి 0.20 ఫలితాన్ని ఇచ్చింది. రేపల్లె అధ్యయనం కూడా ఆచరణనే కొలవగా 0.10 వచ్చింది.

ఈ ఐదు సంఖ్యలకూ సమాన భారం ఇచ్చి సగటు తీస్తే 0.36 వస్తుంది. ముందుగా ఒక్కొక్క అధ్యయనానికి ఒక్కొక్క సగటు తీసి, ఆపై మూడింటి సగటు తీస్తే 0.27 వస్తుంది. తెనాలి పరిశోధకుడు మూడు మాపనులు వాడినందున మొదటి లెక్కలో తెనాలి రైతులకు మూడు ఓట్లు దక్కాయి. బాపట్ల, రేపల్లె రైతులకు ఒక్కొక్కటే దక్కింది.

సగటు కంటె ఖచ్చితత్వం విషయంలో జరిగే తప్పు మరింత తీవ్రమైనది. తెనాలి అధ్యయనంలోని ఒక్కొక్క ఫలితపు ప్రామాణిక దోషం సుమారు 0.19. మూడూ స్వతంత్రమైనవని భావిస్తే వాటి సగటుకు ప్రామాణిక దోషం 0.11కు తగ్గుతుంది. కాని అవి అదే 120 మంది రైతుల నుండి వచ్చినవి. పరిజ్ఞానం ఉన్న రైతుకు వైఖరి కూడా అనుకూలంగా ఉండడం సహజం. ఈ ఫలితాల దోషాల మధ్య సహసంబంధం 0.7 అనుకుంటే సగటు ప్రామాణిక దోషం 0.17 దగ్గరే నిలుస్తుంది. అంటే మూడు మాపనులు వాడినా సమాచారం మూడు రెట్లు కాలేదు; ఒక్క మాపని వాడినప్పటి కంటె కొద్దిగా మాత్రమే పెరిగింది.

పూర్వరంగం

అధ్యయనాల ఫలితాలను కలిపే ప్రయత్నం వ్యవసాయ పరిశోధనకు కొత్తది కాదు. టైఫాయిడ్ టీకాపై సైన్యంలో సేకరించిన సమాచారాన్ని 1904లో కార్ల్ పియర్సన్ సమీకరించాడు. వేర్వేరు స్థలాలలో, వేర్వేరు సంవత్సరాలలో జరిగిన పొలం ప్రయోగాలను కలిపి విశ్లేషించే విధానాన్ని ఫ్రాంక్ యేట్స్, విలియం కాక్రన్ 1938లో ఒక వ్యవసాయ శాస్త్ర పత్రికలోనే ప్రకటించారు. స్థలం మారితే ఎరువు ప్రభావం కూడా మారుతుందని, ఆ మార్పును దోషంగా కాక సమాచారంగా చూడాలని ఆ విధానం గుర్తించింది.

మెటా-విశ్లేషణ అనే పేరును 1976లో అమెరికా విద్యా శాస్త్రవేత్త జీన్ వి. గ్లాస్ ప్రవేశపెట్టాడు. 1977లో మేరీ లీ స్మిత్‌తో కలిసి ఆయన మానసిక చికిత్సపై 375 అధ్యయనాలను సమీకరించాడు. వాటి నుండి లభించిన ప్రభావ పరిమాణాలు 833. వాటి సగటు 0.68. అధ్యయనాల కంటె ప్రభావ పరిమాణాల సంఖ్య రెట్టింపునకు మించి ఉండడాన్ని బట్టి, ఫలితాల పరస్పర ఆధారితత్వం అనే సమస్య ఈ పద్ధతితోపాటే పుట్టిందని చెప్పవచ్చు.

1985లో లారీ హెడ్జెస్, ఇన్‌గ్రామ్ ఓల్కిన్ ఈ పద్ధతికి గట్టి సాంఖ్యక పునాది వేశారు. అదే సంవత్సరం స్టీఫెన్ రాడెన్‌బుష్, ఆంథోనీ బ్రైక్ మెటా-విశ్లేషణను బహుస్థాయి నమూనాలో ఒక ప్రత్యేక సందర్భంగా నిరూపించారు. విద్యార్థులు తరగతులలో, తరగతులు పాఠశాలలలో ఇమిడి ఉన్నట్లే, ఫలితాలు అధ్యయనాలలో ఇమిడి ఉంటాయన్నది వారి దృష్టి. ఈ ఆలోచనను మూడు స్థాయిలకు విస్తరించిన రచనలలో 2011 నాటి స్పిరోస్ కాన్‌స్టాంటోపౌలోస్ పత్రం, 2013 నాటి విమ్ వాన్ డెన్ నూర్ట్‌గేట్ బృందపు పత్రం ముఖ్యమైనవి.

నమూనా నిర్మాణం

సాధారణ యాదృచ్ఛిక ప్రభావ నమూనాలో రెండు రకాల తేడాలు మాత్రమే ఉంటాయి. మొదటిది ప్రతిచయన దోషం. పరిమిత సంఖ్యలో రైతులను ఎంచుకున్నందున ఇది ఏర్పడుతుంది. రెండవది అధ్యయనాల మధ్య నిజంగా ఉన్న తేడా. మూడు స్థాయిల నమూనా ఈ రెండవ తేడాను విడదీస్తుంది. ఒక ప్రభావ పరిమాణాన్ని నాలుగు భాగాల మొత్తంగా ఊహించుకోవచ్చు: అన్ని అధ్యయనాల ఉమ్మడి సగటు, ఆ అధ్యయనం ఆ సగటు నుండి తొలగిన దూరం, ఆ అధ్యయనంలో ఆ ఫలితం అధ్యయనపు సగటు నుండి తొలగిన దూరం, ప్రతిచయన దోషం.

వీటిలో ప్రతిచయన దోషపు విస్తృతి అధ్యయనపు సంఖ్యల నుండి ముందే లెక్కకు అందుతుంది. మిగిలిన రెండు విస్తృతులను సమాచారం నుండి అంచనా వేయాలి. అధ్యయనాల మధ్య విస్తృతిని రెండింటి మొత్తంతో భాగిస్తే సమూహాంతర్గత సహసంబంధం లభిస్తుంది. అది ఒకటికి చేరువగా ఉంటే ఒకే అధ్యయనంలోని ఫలితాల నిజ విలువలు దాదాపు ఒకటే అని, సున్నాకు చేరువగా ఉంటే అవి వేర్వేరు అధ్యయనాల నుండి వచ్చినవాటిలా ప్రవర్తిస్తున్నాయని అర్థం.

ఫలితాలను ముందే అధ్యయనానికి ఒకటిగా సగటు చేసి రెండు స్థాయిల నమూనా వాడితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. ఉమ్మడి సగటు ఒక్కటే కావలసినప్పుడు అది అంగీకారయోగ్యమే. కాని విస్తరణ శాస్త్రవేత్తకు అసలు కావలసిన సమాధానం తరచుగా ఆ సగటులోనే మరుగున పడుతుంది. శిక్షణ వల్ల పరిజ్ఞానం పెరిగి ఆచరణ పెరగలేదా అన్నది అటువంటి ప్రశ్న. ఊహించిన తెనాలి ఉదాహరణలో 0.60, 0.40ల మధ్య తేడా దానికి సంబంధించినదే. మూడు స్థాయిల నమూనా ఫలితపు రకాన్ని వివరణ చలరాశిగా ఉంచుకొని, ఆ తేడాను అధ్యయనం లోపలే పరీక్షించగలుగుతుంది.

ప్రమాణ ఉదాహరణ: పాఠశాల క్యాలెండరు అధ్యయనాలు

కాన్‌స్టాంటోపౌలోస్ తన పత్రంలో వాడిన సమాచారం ఈ పద్ధతిని నేర్చుకొనే విద్యార్థులకు నేడు ప్రామాణిక అభ్యాసంగా ఉంది. అమెరికాలో సుదీర్ఘ వేసవి సెలవులకు బదులు చిన్న చిన్న విరామాలు గల క్యాలెండరును పాటించిన పాఠశాలలలో విద్యార్థుల ప్రతిభ ఎలా ఉందన్నది ప్రశ్న. 11 విద్యా జిల్లాల నుండి 56 ఫలితాలు లభించాయి.

జిల్లాలను పట్టించుకోకుండా సాధారణ నమూనా వాడితే ఉమ్మడి ప్రభావం 0.128, ప్రామాణిక దోషం 0.044. జిల్లా అనే స్థాయిని చేర్చితే ఉమ్మడి ప్రభావం 0.185, ప్రామాణిక దోషం 0.085. జిల్లాల మధ్య విస్తృతి 0.065, జిల్లా లోపల విస్తృతి 0.033. కనుక సమూహాంతర్గత సహసంబంధం సుమారు 0.67. అంటే ఫలితాలలో కనిపించిన నిజమైన తేడాలలో మూడింట రెండు వంతులు జిల్లాకు చెందినవే.

ఇక్కడ ప్రామాణిక దోషం దాదాపు రెట్టింపు కావడం గమనించదగినది. సాధారణ నమూనాలో 95% విశ్వాస అవధి 0.04 నుండి 0.21 వరకు ఉండగా, మూడు స్థాయిల నమూనాలో అది 0.02 నుండి 0.35 వరకు విస్తరిస్తుంది. పైగా స్వతంత్ర సమూహాలు 11 మాత్రమే కనుక, సాధారణ వితరణకు బదులు 10 స్వాతంత్ర్య పరిమితులు గల టి-వితరణ వాడితే ఆ అవధి దిగువ అంచు సున్నా కిందికి స్వల్పంగా జారుతుంది. 56 ఫలితాలను చూసి నిస్సందేహమనుకున్న నిర్ణయం 11 జిల్లాలను చూసిన తరువాత సందేహాస్పదమైంది. ఫలితాల సంఖ్య కంటె స్వతంత్ర సమూహాల సంఖ్యే ఖచ్చితత్వాన్ని ప్రధానంగా నిర్ణయిస్తుందనడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

ఆంధ్రప్రదేశ్ అనుభవం

ఆధారితత్వం ఎన్ని రూపాలలో ఎదురవుతుందో తెలుసుకోవడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక పెద్ద విద్యా ప్రయోగం ఉపకరిస్తుంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నేతృత్వంలో ఐదు జిల్లాలు, 50 మండలాలలోని 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను యాదృచ్ఛికంగా ఐదు సమూహాలుగా విభజించారు. ఒక్కొక్క సమూహంలో 100 పాఠశాలలు ఉన్నాయి. విద్యార్థుల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు ప్రోత్సాహకం ఇచ్చిన పాఠశాలలలో రెండేళ్ల తరువాత గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మెరుగుదల కనిపించిందని 2011లో ప్రకటించారు. అదనంగా ఒక ఒప్పంద ఉపాధ్యాయుని నియమించిన పాఠశాలలలో ఈ మెరుగుదల గణితంలో 0.16, భాషలో 0.15గా నమోదైంది.

ఈ నాలుగు సంఖ్యలను ఒక మెటా-విశ్లేషణలోకి తీసుకొనే విద్యార్థి మూడు విషయాలను గమనించాలి. మొదటిది, గణితం, భాష పరీక్షలను రాసినవారు అదే పిల్లలు. రెండవది, ప్రోత్సాహకం, అదనపు ఉపాధ్యాయుడు అనే రెండు కార్యక్రమాలనూ అదే 100 నియంత్రణ పాఠశాలలతో పోల్చారు. ఆ పాఠశాలలు ఏదో కారణం వల్ల ఆ సంవత్సరం వెనుకబడి ఉంటే రెండు కార్యక్రమాల ప్రభావాలూ ఒకేసారి ఎక్కువగా కనిపిస్తాయి. సమాన పరిమాణం గల రెండు సమూహాలను ఒకే నియంత్రణ సమూహంతో పోల్చినప్పుడు వాటి ప్రతిచయన దోషాల మధ్య సహసంబంధం సుమారు 0.5 ఉంటుంది. మూడవది, ఈ ఫలితాలు వేర్వేరు పత్రాలలో వెలువడ్డాయి. పత్రాన్నే అధ్యయనంగా లెక్కించేవారికి ఇవి రెండు స్వతంత్ర అధ్యయనాలుగా కనిపిస్తాయి. ప్రయోగాన్ని లెక్కించేవారికి ఇది ఒక్కటే.

డెల్టా పరిశోధనకు అన్వయం

విస్తరణ సిద్ధాంత వ్యాసాలలో ఇదే పరిస్థితి మరో రూపంలో ఎదురవుతుంది. 120 మంది రైతుల వయస్సు, విద్య, కమతం పరిమాణం, విస్తరణ సంబంధాలు, ఆచరణ స్థాయి మొదలైన వాటి మధ్య సహసంబంధ గుణకాలను పట్టికగా ఇవ్వడం పరిపాటి. ఒక్క వ్యాసం నుండే పది, పదిహేను గుణకాలు లభిస్తాయి. వీటిని ఫిషర్ జడ్ విలువలుగా మార్చి కలపాలి. 120 మంది ఉన్నప్పుడు ఒక్కొక్క విలువ విస్తృతి 117వ వంతు. కాని ఆ గుణకాలన్నీ ఆ 120 మంది నుండే వచ్చినవన్న సంగతిని నమూనాలో చూపాలి.

సమూహాన్ని నిర్ణయించేటప్పుడు పాలనా సరిహద్దులపై గుడ్డిగా ఆధారపడరాదు. 2022 ఏప్రిల్ 4 వరకు తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు జిల్లాలోనివే. ఆ తరువాత బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి చేరగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. పాత వ్యాసంలో గుంటూరు జిల్లా అని, కొత్త వ్యాసంలో బాపట్ల జిల్లా అని ఉన్నంత మాత్రాన అవి వేర్వేరు సమూహాలు కావు. జిల్లాకు బదులు మండలం, గ్రామం, సాగునీటి వనరు నమోదు చేయడం మేలు. తెనాలి పరిసరాల నల్లరేగడి మాగాణులు, బాపట్ల తీరపు ఇసుక నేలలు, రేపల్లె వైపు కాలువ శివారు భూములు ఒకే శిక్షణకు ఒకే విధంగా స్పందించవు. కాలువ నీరు ఆలస్యమైన చోట వరి కోత ఆలస్యమై, మినుము చల్లే అదను తప్పుతుంది. అక్కడ ఆచరణ తక్కువగా ఉండడం శిక్షణ లోపం కాకపోవచ్చు. ఇటువంటి అంశాలను మూడవ స్థాయి వివరణ చలరాశులుగా చేర్చినప్పుడే అధ్యయనాల మధ్య తేడాకు అర్థం ఏర్పడుతుంది.

శిక్షణను గ్రామానికి ఇచ్చి, విశ్లేషణను రైతు స్థాయిలో చేసిన అధ్యయనాలకు మరో సవరణ అవసరం. ఒకే గ్రామపు రైతులు ఒకరినొకరు చూసి సాగు చేస్తారు కనుక వారి సమాధానాలు పోలి ఉంటాయి. గ్రామానికి 20 మంది చొప్పున ఆరు గ్రామాల నుండి 120 మందిని ఎంచుకొని, గ్రామం లోపలి సహసంబంధం 0.1 అనుకుంటే, ప్రతిచయన విస్తృతి 2.9 రెట్లు పెరుగుతుంది. ఆ 120 మంది ఇచ్చే సమాచారం సుమారు 41 మంది స్వతంత్ర రైతులు ఇచ్చే సమాచారంతో సమానం.

ఈ లెక్కల పర్యవసానం పొలం వరకు వెళుతుంది. సుడిదోమ నివారణ కోసం 1989లో ఇండోనేషియాలో మొదలై, మన రాష్ట్రంలో పొలంబడి పేరుతో ప్రసిద్ధమైన శిక్షణా విధానంపై 2014లో వెలువడిన అంతర్జాతీయ సమీక్ష ఇందుకు తార్కాణం. చిన్న స్థాయిలో శ్రద్ధగా నడిపిన పొలంబడులలో పాల్గొన్న రైతులకు మేలు జరిగిందని, అయితే ఆ జ్ఞానం పొరుగు రైతులకు తనంతట తాను వ్యాపించలేదని, భారీ స్థాయికి విస్తరించినప్పుడు ఆ ఫలితాలు నిలబడినట్లు ఆధారాలు లేవని అది తేల్చింది. ఒక్క సగటుతో సరిపెట్టుకొని ఉంటే ఈ తేడా బయటపడేది కాదు.

పాటించవలసిన క్రమం

1. అధ్యయనం అంటే ఏమిటో ముందే నిర్వచించాలి. ఒకే రైతుల నుండి వచ్చిన సిద్ధాంత వ్యాసం, పరిశోధనా పత్రం, సదస్సు పత్రం మూడింటికీ ఒకే సంకేతం ఇవ్వాలి.

2. నియంత్రణ సమూహం ఉన్న అధ్యయనాలను, శిక్షణకు ముందు-తరువాత మాత్రమే పోల్చిన అధ్యయనాలను వేరుగా గుర్తించాలి. రెండవ రకంలో వర్షం, ధర, ఇతర పథకాల ప్రభావం కూడా శిక్షణ ఖాతాలో పడుతుంది.

3. ప్రభావ పరిమాణాన్ని చిన్న ప్రతిచయనాలకు హెడ్జెస్ సూచించిన సవరణతో లెక్కించాలి. గ్రామ సమూహాల సవరణను ఈ దశలోనే చేయాలి.

4. ఒకే రైతులపై కొలిచిన ఫలితాల దోషాల మధ్య సహసంబంధాన్ని అధ్యయనాలు సాధారణంగా ప్రకటించవు. 0.6 వంటి విలువను ఊహించి, దానిని 0.3 నుండి 0.9 వరకు మార్చుతూ నిర్ణయం మారుతుందేమో చూడాలి. మూడు స్థాయిల నమూనా ఫలితాల నిజ విలువల పోలికను లెక్కలోకి తీసుకుంటుందే తప్ప, ప్రతిచయన దోషాల సహసంబంధాన్ని తనంతట తాను సవరించదు. ఈ రెండూ వేర్వేరు విషయాలు.

5. ఆ ఊహ తప్పయినా ప్రామాణిక దోషం చెడకుండా ఉండేందుకు 2010లో హెడ్జెస్, టిప్టన్, జాన్సన్ ప్రతిపాదించిన దృఢ విస్తృతి అంచనాను చిన్న ప్రతిచయన సవరణతో జోడించాలి. స్వాతంత్ర్య పరిమితులు నాలుగుకు తగ్గితే ఆ పరీక్షను నమ్మరాదు.

6. ఉమ్మడి సగటుతోపాటు రెండు స్థాయిల విస్తృతులను, కొత్త గ్రామంలో ఎదురుకాగల ప్రభావపు అవధిని తప్పక ప్రకటించాలి. సగటు అనుకూలంగా ఉన్నా, ఆ అవధి సున్నాను దాటి కిందికి వెళితే కొన్ని చోట్ల శిక్షణ ఫలించకపోవచ్చునని స్పష్టంగా రాయాలి.

7. ఫలితం తేలని అధ్యయనాలు ప్రచురణకు నోచుకోక గ్రంథాలయ బీరువాలలోనే ఉండిపోతాయి. అప్రకటిత సిద్ధాంత వ్యాసాలను వెదకి చేర్చడం ప్రచురణ పక్షపాతానికి మొదటి మందు.

ఈ విశ్లేషణకు ఆర్ భాషలో ఉచితంగా లభించే మెటాఫర్ ప్యాకేజీ సరిపోతుంది. కాన్‌స్టాంటోపౌలోస్ వాడిన 56 ఫలితాల సమాచారం దానితోపాటే అభ్యాసానికి లభిస్తుంది. పై సంఖ్యలను స్వయంగా రాబట్టిన తరువాతనే సొంత సమాచారానికి పూనుకోవడం విద్యార్థులకు శ్రేయస్కరం.

పరిమితులు

బహుస్థాయి నమూనా లోపభూయిష్ఠమైన అధ్యయనాలను సరిదిద్దదు. సరిపోని మాపనితో కొలిచిన వైఖరి ఎన్ని స్థాయిలు చేర్చినా సరిపోనిదే. సమూహాల సంఖ్య మూడో నాలుగో అయినప్పుడు సమూహాల మధ్య విస్తృతిని విశ్వసనీయంగా అంచనా వేయడం సాధ్యం కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె అనే మూడు చోట్ల మాత్రమే అధ్యయనాలు ఉంటే వాటిని విడివిడిగా వర్ణించి, సమీకరణను మరిన్ని అధ్యయనాలు సమకూరే వరకు వాయిదా వేయడమే నిజాయితీ.

ముగింపు

వేర్వేరు విద్యార్థులు, వేర్వేరు సంవత్సరాలలో, ఒకే డెల్టా రైతులను ప్రశ్నించి సేకరించిన జ్ఞానం విస్తరణ శాస్త్రానికి విలువైన ఆస్తి. దానిని సమీకరించేటప్పుడు ఎన్ని సంఖ్యలు ఉన్నాయన్నది కాక, ఎందరు రైతులు, ఎన్ని గ్రామాలు, ఎన్ని స్వతంత్ర ప్రయోగాలు వాటి వెనుక ఉన్నాయన్నది మొదట లెక్కించాలి. అలా లెక్కించినప్పుడు అంచనాల అవధులు తరచుగా వెడల్పవుతాయి. ఒక శిక్షణా కార్యక్రమాన్ని మొత్తం ఆయకట్టుకు విస్తరించే ముందు ఆ వెడల్పును తెలుసుకొని ఉండడం, తెనాలిలో ఫలించినది రేపల్లె కాలువ శివారున ఫలించకపోయిన తరువాత తెలుసుకోవడం కంటె మేలు.